ముందు కడిగిన చెయ్యి

ఆ వానాకాలంలో నా చేతుల తోలు ఊడిపోయింది. గుడారంలోకి వెళ్ళేముందు క్లోరిన్ నీళ్ళతో కడుగు, ఒక రోగిని ముట్టుకుని ఇంకో రోగి దగ్గరికి పోయేముందు కడుగు, బక్కెట్టు పారబోసి కడుగు, బయటికొచ్చి మళ్ళీ కడుగు. ఇంటికొచ్చి కర్రపెండలం సంకటి నోట్లో పెట్టుకుంటే అందులోనూ ఆ వాసనే. మా అమ్మాయి వేజి నా పక్కలో పడుకోవడం మానేసి నాయనమ్మ పక్కలోకి మారిపోయింది. మూడేళ్ళ పిల్ల. "అమ్మ ఆసుపత్రి కంపు" అని మొహం మీదే చెప్పేది. నాకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త ఓపిక కావాలి.

నేను సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఆసుపత్రిలో నర్సుని. మామూలు రోజుల్లో కాన్పులు, మలేరియా, చేపముల్లు దిగిన వేళ్ళు, అంతే మా పని. ఆ యేడు వానలకి కొండవాలున ఉన్న మరుగుదొడ్ల గుంటలన్నీ కొట్టుకుపోయి సరస్సులో కలిశాయి. వెనకే కలరా వచ్చింది. ఆసుపత్రి వెనక రెండు గుడారాలు వేసి, చుట్టూ రెల్లు తడకలు కట్టి, నా చేతికి అప్పగించారు. కలరా మంచానికి నడుం కింద కన్నం ఉంటుంది, కన్నం కింద బక్కెట్టు. ఒంట్లోంచి ఎన్ని నీళ్ళు పోయాయో బక్కెట్టులో చూసి, అన్ని నీళ్ళూ మళ్ళీ ఒంట్లోకి ఎక్కించాలి. చెప్పుకోవడానికి ఇంతే. చేసేవాళ్ళ నడుములు విరిగేవి.

రేడియోలోనూ, మేము ఊళ్ళు తిరిగి మైకులోనూ చెప్పిన మాట ఒకటే: తినేముందు చేతులు కడుక్కోండి. దోమతెర కట్టుకోమంటే దాన్ని చేపల వల చేసుకున్న రేవు మాది. అలాంటి రేవు ఆ ఒక్క మాట మాత్రం చెవిన పెట్టింది. పెట్టకపోయినా బాగుండేదని నేను తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మా అత్తయ్యని అందరూ న్యాకౌంగా అంటారు, కౌంగా వాళ్ళింటి ఆడపడుచు అని. మా రేవులో ఆవిడకంటే పెద్దవాళ్ళు మిగల్లేదు. పెళ్ళయినా చావయినా, ఆడవాళ్ళు భోజనానికి కూర్చున్నప్పుడు నీళ్ళ బేసిను ముందు ఆవిడ దగ్గరికే వెళ్తుంది. ఆవిడ రెండు చేతులూ ముంచి, నింపాదిగా రుద్దుకుని, తీస్తుంది. అవే నీళ్ళలో తర్వాతి పెద్దావిడ, ఆ తర్వాత కోడళ్ళు, చిట్టచివర పిల్లలు. పిల్లల దాకా వచ్చేసరికి అవి నీళ్ళలా ఉండవు, బియ్యం కడిగిన కుడితిలా ఉంటాయి. అయినా పెద్దల చెయ్యి తగిలిన నీళ్ళు కింది దాకా దిగాలి. నాకు వేరే నీళ్ళు కావాలని ఎవరైనా అడిగారా, మీరు నాకు విషం పెడతారని నా అనుమానం అని నలుగురిలో చెప్పినట్టే. ఆ బేసినుని మోకాళ్ళ మీద కూర్చుని మనిషి మనిషికీ అందించేది నాలాంటి కోడళ్ళు.

గుడారాలు వేసిన కొత్తల్లోనే నేను ఇంట్లో బేసిను పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు పోయబోయాను. అత్తయ్య చేతులు వెనక్కి లాక్కుంది.

"ఏంటిది?"

"చెంబు నీళ్ళత్తయ్యా. మీరు కడుక్కున్న నీళ్ళు నేల మీదికి పోతాయి. నాకు కొత్తవి పోసుకుంటాను."

"నా చేతి నీళ్ళు నేలపాలు చేస్తావా?"

"మీవనే కాదు, ఎవరివైనా అంతే. గుడారంలో మేమూ ఇలాగే..."

"నేను నీ గుడారంలో లేనమ్మా, నా ఇంట్లో ఉన్నాను. నీ మొగుణ్ణి ఈ చేతుల్తో పెంచాను. నిన్ను ఈ చేతుల్తోనే గడప దాటించి తెచ్చుకున్నాను. అప్పుడు లేని మురికి ఇప్పుడు పట్టిందా వీటికి?"

నా భర్త వైసన్ సంకటి గిన్నె వంకే చూస్తూ, "ఆసుపత్రి సంగతులు ఆసుపత్రిలో పెట్టుకోరాదూ" అన్నాడు. వలలు లాగి లాగి అలిసిపోయి వచ్చిన మనిషి. ఆకలి మీదున్నవాడికి తల్లికీ పెళ్ళానికీ మధ్య తీర్పు చెప్పే ఓపిక ఎక్కడుంటుంది?

మర్నాటి నుంచి అత్తయ్య భోజనం మా మరిది మోఫత్ ఇంటికి మారింది. మా వాకిలి దాటితే వాళ్ళ వాకిలి. పడక మాత్రం మా ఇంట్లోనే, వేజి కోసం. మోఫత్ ఇంట్లో బేసిను తిరిగేది. మోఫత్ కూతురు టెమ్వా, ముందుపళ్ళు ఊడిన పిల్ల, నాయనమ్మ పక్కన కూర్చుని తన వంతు కోసం చేతులు చాపుకుని ఉండేది. నేను మా గడపలోంచి చూసేదాన్ని. చూసి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. మరిది ఇంట్లోకి వెళ్ళి బేసిను తన్నేసి రాలేను కదా.

అత్తయ్యకి చిన్ననాటి నేస్తం న్యాచిర్వా అని ఉండేది. ఆవిడకి వాంతులూ విరేచనాలూ మొదలైతే, గుడారానికి తీసుకెళ్తే అక్కడి నర్సులు సూది పొడిచి చంపేస్తారని ఎవరో అన్నారట. ఆ నర్సుని నేనే కాబట్టి నాకు చెప్పలేదు. అత్తయ్యే ఆవిడ పక్కన కూర్చుంది. ఒళ్ళు తుడిచింది, తడిసిన గుడ్డలు సరస్సులో ఉతికింది, గంజి తాగించింది. చివరికి సైకిలు వెనక కట్టేసుకుని నా దగ్గరికి తెచ్చేసరికి న్యాచిర్వా కళ్ళు లోపలికి పోయాయి, చేతి తోలు పట్టి వదిలితే లేచింది లేచినట్టే నిలబడిపోతోంది. నరం దొరికే లోపే మనిషి పోయింది. శవాన్ని మేమే క్లోరిన్ నీళ్ళతో కడిగి, ప్లాస్టిక్కులో కట్టి, మా మనుషులతోనే పూడ్పించాం. ఆవిణ్ణి కడిగే హక్కు తమదని ఊళ్ళో పెద్దాడవాళ్ళకి కోపం. ఆ కోపంలో కూడా వాళ్ళు మా మాట ఒకటి తప్పకుండా పాటించారు. చావింటి భోజనానికి కూర్చున్నప్పుడు అందరూ చేతులు కడుక్కున్నారు.

రెండు మూడు రోజులకి గుడారం నిండింది. వచ్చినవాళ్ళంతా ఆ చావింట్లో తిన్నవాళ్ళు. అందులో ఫాన్వెల్ అనే జాలరి పెళ్ళాం ఉంది. చేతికి సెలైన్ పెడుతూ అడిగాను.

"ఏ నీళ్ళు తాగావు?"

"కాచిన నీళ్ళే సిస్టర్. మా ఆయన కట్టెలు తేలేక చచ్చిపోతున్నాడు."

"ఏం తిన్నావు?"

"సంకటి, ఆకుకూర. పొగలు కక్కుతూనే వడ్డించారు."

"మరి చేతులు?"

అంత నీరసంలోనూ ఆమె కాస్త గర్వంగా చూసింది. "కడుక్కోకుండా ఎలా తింటాం? మైకులో నువ్వే కదా చెప్పింది. మామూలుగా అయితే తినేముందే. ఈసారి తిన్నాక కూడా బేసిను తిప్పాం. ఒక్కరిని కూడా వదల్లేదు."

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత వినడమే గానీ, ఆ మందు వేసిన చెయ్యి నాదే అవుతుందని అనుకోలేదు.

మా క్లినికల్ ఆఫీసరు సింగినితో చెప్పాను. ఊరందరికీ ఆయనే డాక్టరు. బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని చల్లారిన టీ తాగుతున్నాడు.

"బాగుంది" అన్నాడు. "శుభ్రంగా ఉండి మరీ చస్తున్నారన్నమాట. ఆ బేసినులో ముందు ముంచిన చెయ్యి ఎవరిది? ఆ మనిషిని పట్టుకుంటే మందివ్వొచ్చు. కొందరికి ఇది ఒంట్లో ఉన్నా పైకి కనపడదు. దుక్కల్లా తిరుగుతుంటారు."

నేను చేతులు కడుక్కునే నెపంతో పక్కకి తప్పుకున్నాను. ఆయన అడిగిన మనిషి మా ఇంట్లోనే వేజిని పక్కలో వేసుకుని పడుకుంటోంది.

సాయంత్రం వెళ్ళేసరికి అత్తయ్య మోఫత్ వాకిట్లో కర్రపెండలం చెక్కు తీస్తోంది. పక్కన కూర్చుని, ఊరికే అడిగినట్టు అడిగాను.

"మీ పొట్ట ఎలా ఉందత్తయ్యా?"

"నాకేం, బండరాయిని. న్యాచిర్వా పోయినప్పుడు రెండ్రోజులు కాస్త పల్చబడింది. జామాకు నమిలాను, కట్టేసింది. మా వయసులో దుఃఖం పొట్టలోకే దిగుతుందమ్మాయ్."

జేబులోంచి మాత్రలు తీసి ఇచ్చాను. ఆవిడ వాటి వంకా, వాకిలి అవతల నడిచిపోతున్నవాళ్ళ వంకా చూసింది.

"ఎందుకు? నాకు జబ్బు లేదుగా."

"ముందుజాగ్రత్తకి."

"చూసినవాళ్ళు ఏమనుకుంటారో తెలుసా నీకు? లోపల పెట్టు వాటిని."

పెట్టాను. అత్తగారి నోరు బలవంతాన తెరిచి మాత్ర వెయ్యడం ఏ నర్సింగ్ బడిలోనూ నేర్పరు.

వైసన్‌తో చెప్పాను. అతను వల బాగు చేసుకుంటున్నవాడల్లా చేతులాపేశాడు.

"అమ్మ నుంచే అంటావా?"

"అమ్మ నుంచి అయి ఉండొచ్చు అంటున్నాను. ఖాయంగా తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు."

"అయితే ఇంకెవరి దగ్గరా అనకు. సింగిని దగ్గర కూడా. పక్క రేవులో ఏమైందో విన్నావుగా? ఇంటిల్లిపాదీ పోయి ముసలామె ఒక్కతే బతికిందని, ఇది మంత్రం వేసి మనవళ్ళని తినేసిందని ఇంటి కప్పుకి నిప్పు పెట్టారు. లోపలుందో లేదో చూడను కూడా చూడలేదు. నువ్వు రోగం అంటావు. ఊళ్ళోవాళ్ళకి రోగం సంగతి అక్కర్లేదు, ఎవరు తెచ్చారనేదే కావాలి."

"చెప్పకపోతే ఇంకొకరు పోతారు."

"చెబితే అమ్మ పోతుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మర్నాడు ఫాన్వెల్ పెళ్ళాం పోయింది. నేను గుడారం వదిలి వెళ్ళే వీల్లేక ఒక ఆయాని చావింటికి పంపాను, నీళ్ళు చెంబుతో పోసుకోమని చెప్పిరమ్మని. వెళ్ళిన మనిషి తడిసి ముద్దయి తిరిగొచ్చింది. "చెప్పాను సిస్టర్. బేసినులో కడిగితే చేతులు కావా అని నవ్వారు. మీ అత్తగారే ముందు కడిగింది" అంది.

టెమ్వాని మోఫత్ భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. వానలో జారిపడ్డాడేమో, మోకాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి. పిల్లని మంచం మీద వేసి, నా చేతులు పట్టుకున్నాడు. కడగని చేతులని నాకు గుర్తొచ్చింది. ఆ క్షణంలో కూడా అదే గుర్తొచ్చిందని నన్ను నేనే అసహ్యించుకున్నాను. పిల్ల నరాలు దారాల్లా ఉన్నాయి. చేతికి చూశాం, కాలికి చూశాం, చివరికి సింగిని ఎముకలోకే సూది దించాడు. టెమ్వా ఏడవలేదు, ఏడవడానికి కన్నీళ్ళ తడి కూడా మిగల్లేదు. "దాహం, పెద్దమ్మా" అని మాత్రం అంటూ వచ్చింది. మధ్యాహ్నానికి ముందే ఆ మాట ఆగిపోయింది.

పిల్లని నేనే కడిగాను. ప్లాస్టిక్కులో చుడుతుంటే తడక అవతల నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "మొహం ఒక్కసారి చూపించు కోడలా." దగ్గరికి రానివ్వకూడదు. నేనే ఎత్తుకుని తడక దాకా వెళ్ళి, మొహం మీది మడత తీసి పట్టుకున్నాను. అత్తయ్య తడక సందులోంచి చెయ్యి చాపింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో అంత కష్టమైన అడుగు ఇంకొకటి వెయ్యలేదు.

పూడ్చి వచ్చాక మోఫత్ వాకిట్లో టార్పాలిన్ కింద ఊరంతా కూర్చుంది. ఈసారి నేనూ వెళ్ళాను, సింగినిని గుడారంలో ఉండమని బతిమాలుకుని. కోడలిని కనక బేసిను నా చేతికే ఇచ్చారు. అలవాటు ప్రకారం అత్తయ్య దగ్గరికి రెండడుగులు వేశానో లేదో, మగవాళ్ళ వైపు నుంచి ఫాన్వెల్ లేచాడు. పెళ్ళాం పోయినప్పటి నుంచి స్నానం చేసినట్టు లేడు.

"ఒక్క మాట పెద్దాయనా" అన్నాడు ఊరి పెద్ద కమ్వెండోతో. "న్యాచిర్వా చావింట్లో ముందు కడిగిన చెయ్యి ఎవరిది? నా పెళ్ళాం చావింట్లో ముందు కడిగిన చెయ్యి ఎవరిది? ఈ పిల్ల రోజూ ఎవరి వెనక కడిగింది? వెనకవాళ్ళం వరసబెట్టి రాలిపోతున్నాం. ముందు చెయ్యికి మాత్రం ఏమీ కాదు. ఎందుకు కాదో నాకు చెప్పేవాళ్ళు కావాలి."

ఎవరూ అత్తయ్య వైపు చూడలేదు. చూడకపోవడమే భయమేసింది నాకు. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మెల్లగా నడుముకి చుట్టుకున్న చిటెంజె గుడ్డలు ఒళ్ళోకి లాక్కుని ఎడంగా జరిగారు. వైసన్ లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మోఫత్ లేవను కూడా లేదు. తల్లి వంక చూస్తున్నాడు. పిల్లని పోగొట్టుకున్నవాడి చూపులో ఏముందో నేను చదవగలను, గుడారంలో రోజూ చదివేదే. అతను ఫాన్వెల్ మాట నమ్మడం మొదలుపెట్టాడు.

కమ్వెండో గొంతు సవరించుకున్నాడు. "నర్సమ్మా, గుడారంలో ఉండేదానివి. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి అంటిందో నీకు తెలీకుండా ఉండదు. దీన్ని ఇక్కడికి తెచ్చిన చెయ్యి ఎవరిది?"

అప్పుడు నేనేదో పెద్ద ఆలోచన చేశానని తర్వాత వైసన్ అన్నాడు. ఏమీ చెయ్యలేదు. నేను చాలా అలిసిపోయి ఉన్నాను. చేతిలో బేసిను బరువుగా ఉంది, దాన్ని కింద పెట్టాలని ఉంది. నర్సింగ్ బడిలో మొట్టమొదట నేర్పిన పాఠం మాత్రం నోటికొచ్చింది.

"నాది" అన్నాను.

ఎవరో వినపడలేదన్నారు.

"నా చెయ్యే అనుకోండి. రోజూ ఆ బక్కెట్లు పారబోసేది నేను. పారబోసి ఇంటికొచ్చేది నేను. ఇది కంటికి కనపడదు పెద్దాయనా. ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే తెలీదు. అందుకని మా పనిలో ఎవరిదని అడగం. ప్రతి చేతిలోనూ ఉందనే అనుకుంటాం, మన చేతితో మొదలుపెట్టి. నా చెయ్యి ముంచిన నీళ్ళలో మీరెవరూ ముంచొద్దు. మీరు ముంచిన నీళ్ళలో ఇంకొకళ్ళు ముంచొద్దు."

బేసిను నీళ్ళు బురదలో పారబోశాను. మోఫత్ ఇంట్లోంచి చెంబూ బిందే తెచ్చి, అత్తయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, చాలాసేపు. తర్వాత చేతులు చాపింది. పోశాను. నీళ్ళు నేలపాలయ్యాయి. పక్కావిడకి పోశాను, ఆ పక్కావిడకి పోశాను. నాకు నేను చివర పోసుకున్నాను.

"అంటే నువ్వే తెచ్చావన్నమాట" అన్నాడు ఫాన్వెల్.

"అలా అనుకుంటే నీకు ఊరటగా ఉంటే, అలాగే అనుకో."

ఆ సాయంత్రం అత్తయ్య నా ఇంటికి భోజనానికి వచ్చింది. గడపలో నిలబడి అరచెయ్యి చాపింది. "ఆ మాత్రలేవి?" అంది. ఇచ్చాను. నీళ్ళు కూడా అడక్కుండా మింగేసింది.

చెంబు మా రేవులో ఆ వారంలోనే ఇంటింటికీ వచ్చింది. నా ఉపన్యాసం బాగుందని కాదు. నర్సు చెయ్యి పాడుదని, ఆమె ఏ నీళ్ళని ముట్టుకుందో తెలీదని. భయంతోనో అసహ్యంతోనో, ఎందుకైతేనేం, పోసుకున్నారు. గుడారంలో మంచాలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. సింగిని చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకున్నాడు.

ఊరు గట్టెక్కింది గానీ మా ఇల్లు ఊరికి వేరైపోయింది. బావి దగ్గర నేను బిందె దించితే మిగతావాళ్ళు ఎత్తేసేవారు. మేము ఉసిపా అనే చిన్న చేపలు ఎండబెట్టుకునే మంచెని ఎవరో నరికేశారు. వైసన్‌ని పడవలోకి రావద్దన్నారు. చిన్నప్పటి నుంచి ఒకే పడవలో తెడ్డు వేసినవాళ్ళే.

"అమ్మ పేరు చెప్పొద్దన్నాను" అన్నాడు ఆ రోజు. "నీ పేరు చెప్పమన్నానా?"

"ఇంకెవరి పేరు ఉంది నా దగ్గర?"

"మోఫత్ నా తమ్ముడు. వాడి పిల్లని నువ్వు చంపావని వాడు నమ్ముతున్నాడు. నిజం నాకు తెలుసు, వాడికి చెప్పలేను. వాడి ఎదురుగా ఎలా తిరగను నేను?"

వానలు ఆగేదాకా అతను దక్షిణాన ఇంకో రేవులో కూలికి వల లాగాడు. తిరిగొచ్చాక మామూలుగానే ఉన్నాం, కానీ మామూలుగా ఉండటానికి ఇద్దరం కష్టపడాల్సి వచ్చింది. మోఫత్ మాత్రం ఎదురుపడితే దారి మార్చుకునేవాడు. ఈ రోజుకీ నాతో మాట్లాడడు.

వానలు వెనకపట్టాక గుడారాలు విప్పాం. కన్నాల మంచాలు కడిగి ఎండలో బోర్లించి, ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను. అత్తయ్య సంకటి కెలుకుతోంది. వాకిలి అవతల మోఫత్ వల ఆరేస్తూ, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆవిడ ఆ వీపునే చూస్తూ అడిగింది.

"వాడి కోపం రావాల్సింది నా మీదేనా కోడలా?"

నేను ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. ఎవరిదో తెలీదు అత్తయ్యా, తెలుసుకునే దారి లేదు అని చెప్పొచ్చు. అది నిజం కూడా. కానీ ఆవిడ అడిగింది అది కాదు.

"కాదు" అన్నాను.

"పిల్ల రోజూ నా పక్కనే కూర్చునేది."

"కాదత్తయ్యా. సరస్సు నీళ్ళు అన్నిట్లోనూ ఉన్నాయి. ఏ నీళ్ళలో అంటిందో ఏమో."

ఆవిడ తల ఊపింది. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ నాకు అబద్ధం చెప్పలేదు నువ్వు" అంది, అంతే. అది మెచ్చుకోలో, నమ్మకమో, మరొకటో నేను అడగలేదు. గిన్నె దించి వడ్డించింది. చెంబుతో నీళ్ళు నేను పోశాను, సబ్బు పెట్టి ఆవిడ చాలాసేపు రుద్దుకుంది. ఇక చాలు అత్తయ్యా, ఏమున్నా పోయింది అన్నాను. ఇంకా రుద్దుకుంది.

వేజి ఎప్పటిలాగే నాయనమ్మ ఒళ్ళోకెక్కి నోరు తెరిచింది. అత్తయ్య సంకటి తుంచి, ముద్ద చేసి, చేపల పులుసులో అద్దింది. పిల్ల నోటి దాకా తెచ్చి ఆగింది. ఆ ముద్దని మెల్లగా తన కంచం అంచున పెట్టేసింది.

"నువ్వు పెట్టు కోడలా" అంది.

పిల్లని నా ఒళ్ళోకి తీసుకున్నాను. తోలు ఊడిన నా చేతి వంక చూసి వేజి మొహం తిప్పుకుంది. కాసేపటికి ఆకలేసి తింది.

అత్తయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నాకు ఇంకో ఇద్దరు పుట్టారు, మోఫత్‌కి ఒక కొడుకు పుట్టాడు. అందరినీ ఎత్తుకుంది, ఆడించింది, పక్కలో వేసుకుని కథలు చెప్పింది. ఒక్కరికి కూడా తన చేత్తో ముద్ద పెట్టలేదు.